మేలుచేసే బ్యాక్టీరియా మన పేగుల్లో ఎలా స్థిరపడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరుగు గురించి అడిగినా, ప్రోబయాటిక్ మాత్రల గురించి అడిగినా, పసిపిల్లల విరేచనాల గురించి అడిగినా ప్రశ్నలు చివరికి ఒక్కచోటికే చేరుతుంటాయి: మంచి బ్యాక్టీరియాను లోపలికి పంపితే చాలు కదా? చాలదు. లోపలికి వెళ్లడం వేరు, అక్కడ నిలదొక్కుకోవడం వేరు. పేగుల్లో పాతుకుపోయిన బ్యాక్టీరియా ఆ చోటికి తగ్గట్టు తన జన్యువులను, పైపొరను, తినే తిండిని మార్చుకుంటూ వచ్చింది. ఆ మార్పులేమిటో తెలిస్తే దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో మీరే తేల్చుకోగలరు. అందుకే ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట, కాస్త వివరంగా జవాబులు రాశాను.

బ్యాక్టీరియాకు మన పేగులు అంత కష్టమైన చోటా? తిండికి కొదవలేదు కదా?

తిండి ఉన్నమాట నిజమే. దాన్ని చేరేలోపు దాటవలసినవే చాలా ఉన్నాయి. పరగడుపున జీర్ణాశయంలో పీహెచ్ 1.5 నుంచి 3.5 దాకా ఉంటుంది. నోటి ద్వారా వెళ్లిన సూక్ష్మజీవుల్లో అధికభాగం ఆ ఆమ్లానికే చస్తాయి. తప్పించుకున్నవాటి మీద చిన్నపేగు మొదట్లోనే పిత్తరసం పడుతుంది. మనం తిన్న కొవ్వును విడగొట్టే పిత్త లవణాలు బ్యాక్టీరియా పైపొరలో ఉన్న కొవ్వును కూడా అలాగే విడగొడతాయి. పైగా చిన్నపేగులో ప్రవాహం జోరు ఎక్కువ. పట్టు దొరక్కముందే కొట్టుకుపోవడం ఖాయం. అందుకే చిన్నపేగు పైభాగంలో మిల్లీలీటరుకు వెయ్యి నుంచి పదివేల బ్యాక్టీరియాలే కనిపిస్తాయి. పెద్దపేగులో నడక నెమ్మదిస్తుంది, లోపలి పదార్థం ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అక్కడ గ్రాముకు పదివేల కోట్ల దాకా ఉంటాయి.

అయితే పెద్దపేగు చేరేసరికి మనకు అరిగే చక్కెరలు, పిండిపదార్థం, మాంసకృత్తులు చాలావరకు మనమే పీల్చేసుకుని ఉంటాం. మిగిలేది మనకు అరగని పీచు. ఆక్సిజన్ దాదాపు ఉండదు. గోడ వెనక రోగనిరోధక కణాల కాపలా. ఆ గోడ కణాలు కూడా 3 నుంచి 5 రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి కాబట్టి, ఏదో ఒక కణాన్ని పట్టుకుని వేలాడినా ఎంతోకాలం నిలవలేవు.

పిత్తరసాన్ని ఎలా తట్టుకుంటాయి?

లాక్టోబాసిల్లస్, బిఫిడోబ్యాక్టీరియం, బాక్టీరాయిడిస్ జాతుల్లో చాలావాటికి ఇందుకోసం ఒక ఎంజైము ఉంది. పిత్త ఆమ్లానికి అతుక్కుని ఉన్న గ్లైసిన్ లేదా టారిన్ అనే చిన్న అణువును అది కోసేస్తుంది. మరికొన్ని బ్యాక్టీరియాలు లోపలికి చొరబడిన పిత్త లవణాలను ఎప్పటికప్పుడు బయటికి తోడేసే పంపుల మీద ఆధారపడతాయి. ప్రోబయాటిక్‌గా అమ్మబోయే రకాన్ని ప్రయోగశాలలో ముందుగా పెట్టే పరీక్షలు ఈ రెండే: ఆమ్లంలో బతికిందా, పిత్తంలో బతికిందా. అవి నెగ్గితే పేగుల్లో స్థిరపడినట్టే అనుకోవడం తొందరపాటు. అసలు పరీక్షలు ఆ తర్వాతే మొదలవుతాయి.

మన ఒంట్లో బ్యాక్టీరియా మన కణాలకు పదింతలు ఉంటుందంటారు, నిజమేనా?

కాదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, కెనడా సహచరుడొకరితో కలిసి 2016లో ఆ లెక్కను మళ్లీ కట్టారు. 70 కిలోల మనిషిలో మానవ కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. దాదాపు సమానమే. మొత్తం బ్యాక్టీరియా బరువు 200 గ్రాములు. కిలో, రెండు కిలోలు అని ఇప్పటికీ ప్రచారంలో ఉన్న మాటను మానేయడం మంచిది.

"మేలుచేసే" బ్యాక్టీరియా అంటున్నారు. వాటికి మనమీద ప్రేమ ఎందుకు?

ప్రేమ ఏమీ లేదు. ఒక బ్యాక్టీరియా పేగుల్లో నిలవాలంటే అక్కడ దొరికే తిండిని తినాలి, గోడను గాయపరచకుండా ఉండాలి, కొత్తగా వచ్చే పోటీదారులను అడ్డుకోవాలి. ఈ మూడింటిలో ఏది చేసినా మనకూ లాభమే. అరగని పీచును తిని అది వదిలేసే ఆమ్లాలు మన కణాలకు ఆహారం. తన చోటు కాపాడుకోవడానికి అది చేసే పోరాటమే మనకు రోగాల నుంచి రక్షణ.

మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఉదాహరణ ఒకటుంది. జర్మన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నిస్లే 1917లో ఒక సైనికుడి మలం నుంచి ఈ.కోలై రకం ఒకదాన్ని వేరుచేశాడు. తోటివాళ్లంతా విరేచనాలతో మంచం పట్టినా ఆ సైనికుడికి ఏమీ కాలేదు. ఆ రకం ఇనుమును పట్టి తెచ్చుకునే అణువులను ఒకటికి నాలుగు రకాలుగా తయారుచేసుకుంటుంది. పేగు వాపెక్కినప్పుడు ఇనుము కోసం తీవ్రమైన పోటీ ఉంటుంది. రోగం తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కూడా ఆ ఇనుము మీదే ఆధారపడుతుంది. నిస్లే రకం దాన్ని ముందే ఎగరేసుకుపోవడం వల్ల సాల్మొనెల్లా పెరగలేకపోతుందని ఎలుకల్లో తేలింది. తన ఆకలి తీర్చుకుంటూనే మనల్ని కాపాడిందన్నమాట.

పుట్టిన బిడ్డ పేగుల్లోకి ఇవి ఎక్కడి నుంచి వస్తాయి?

ముఖ్యంగా తల్లి నుంచే: కాన్పు సమయంలో తల్లి మలంలోని సూక్ష్మజీవుల ద్వారా, ఆపైన ఆమె ఒంటి స్పర్శ, పాల ద్వారా. పుట్టిన తొలిరోజుల్లో పేగుల్లో కొంత ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని వాడుకోగల ఈ.కోలై, ఎంటరోకాకస్ లాంటివి ముందు చేరి ఆక్సిజన్‌ను ఖాళీ చేస్తాయి. ఆ తర్వాతే గాలి సోకని చోట బతికే బిఫిడోబ్యాక్టీరియం, బాక్టీరాయిడిస్ విస్తరిస్తాయి.

కాన్పు తీరు ఇక్కడ తేడా తెస్తుంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో పుట్టిన 596 మంది శిశువులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, సిజేరియన్ ద్వారా పుట్టినవారికి తల్లి నుంచి బాక్టీరాయిడిస్ చేరడం బాగా తగ్గినట్టు, ఆసుపత్రి వాతావరణంలో తిరిగే సూక్ష్మజీవులు ఎక్కువగా చేరినట్టు తేలింది. ఈ విషయం మనకు చాలా దగ్గరిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తల్లికో బిడ్డకో ప్రమాదం ఉన్నప్పుడు ఆపరేషన్ ప్రాణదాత. అందులో వాదన లేదు. ముహూర్తం కోసం కోత పెట్టించుకోవడం మాత్రం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు. సిజేరియన్ అయిన తల్లులు దిగులుపడవలసిన పనిలేదు: నెలలు గడిచేకొద్దీ ఈ తేడా చాలావరకు తగ్గుతుంది, చనుబాలు అందుకు తోడ్పడతాయి.

చనుబాలలో బిడ్డకు అరగని చక్కెరలు ఉంటాయట. అరగనివి ఎందుకు ఉన్నట్టు?

ఈ మొత్తం విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసే ప్రశ్న ఇదే.

చనుబాలలోని ఘనపదార్థాల్లో లాక్టోస్ (పాల చక్కెర), కొవ్వుల తర్వాత మూడో స్థానం కొన్ని గొలుసు చక్కెరలది. లీటరుకు సుమారు 5 నుంచి 15 గ్రాములు. ముర్రుపాలలో ఇంకా ఎక్కువ, లీటరుకు 20 గ్రాములు దాటుతుంది. వీటిలో 150కి పైగా రకాలను ఇప్పటిదాకా గుర్తించారు. వీటిని విడగొట్టే ఎంజైము బిడ్డకు లేదు. తల్లి తన ఒంట్లోని శక్తిని ఖర్చుపెట్టి, బిడ్డ వాడుకోలేని పదార్థాన్ని ఇంత పెద్ద మొత్తంలో తయారుచేస్తోంది. ఎవరికోసం?

జవాబుకు మొదటి ఆధారం 1899లో దొరికింది. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిసియే అనే వైద్యుడు చనుబాలు తాగే శిశువుల మలంలో రెండుగా చీలిన కొమ్మలాంటి బ్యాక్టీరియాను చూశాడు. దాన్నే ఇప్పుడు బిఫిడోబ్యాక్టీరియం అంటున్నాం. ఆ కుటుంబంలో పసిపిల్లల పేగులకు అన్నిటికన్నా బాగా అమరిన రకం బిఫిడోబ్యాక్టీరియం లాంగమ్ ఇన్‌ఫాంటిస్. అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం 2008లో దీని జన్యుపటాన్ని ప్రచురించింది. అందులో 43 వేల డీఎన్‌ఏ అక్షరాల నిడివి ఉన్న ఒక్క భాగంలో, చనుబాల చక్కెరలను పట్టుకునే ప్రోటీన్లు, లోపలికి చేరవేసేవి, ముక్కలుగా కోసే ఎంజైములు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉన్నాయి. మొక్కల చక్కెరలను తినడానికి దగ్గరి బంధువులకున్న జన్యువుల్లో చాలా భాగం దీనికి లేవు. పాలమీదే బతికేదానికి వాటితో పనిలేదు.

ఇది తినే పద్ధతి కూడా గమనించదగ్గది. చక్కెర గొలుసును బయట ముక్కలు చేయదు. గొలుసును గొలుసుగానే కణం లోపలికి లాక్కుని, చివర్ల నుంచి ఒక్కొక్క చక్కెరను తెంపుతుంది. పక్కనున్న పోటీదారుకు తునక కూడా దక్కదు. దాని బంధువైన బిఫిడోబ్యాక్టీరియం బిఫిడమ్ దారి వేరు. అది తన ఎంజైములను కణం పైభాగాన నిలిపి గొలుసును బయటే కోస్తుంది. ముక్కల్లో తనకు కావలసినవి తీసుకుని మిగతావి వదిలేస్తుంది. అవి ఇరుగుపొరుగు బ్యాక్టీరియాలకు ఆహారమవుతాయి. ఒకే పాలు, ఒకే పేగు, రెండు వేర్వేరు బతుకుతెరువులు.

తిన్న చక్కెరను బిఫిడోబ్యాక్టీరియం ఎసిటేట్‌గా, లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దీనికి తనదైన ఒక రసాయన మార్గం ఉంది. అందులో రెండు గ్లూకోజు అణువులకు ఐదు ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) దక్కుతాయి. మామూలు లాక్టిక్ ఆమ్ల మార్గంలో దక్కేవి నాలుగే. ఆ ఆమ్లాల వల్ల బిడ్డ మలం పీహెచ్ పడిపోతుంది, రోగకారక బ్యాక్టీరియాలు చాలావాటికి ఆ పులుపు గిట్టదు.

ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసే అలవాటు ఇంకా ఎక్కడైనా ఉంటే, పారబోస్తున్నది ఈ చక్కెరలు అన్నిటికన్నా చిక్కగా ఉన్న పాలనేనని ఆ ఇంటి పెద్దలకు చెప్పండి.

పాలు మాన్పించాక ఆ బ్యాక్టీరియా ఏమవుతుంది?

బిడ్డ అన్నం, పప్పు, కూరలు తినడం మొదలుపెట్టాక ఇన్‌ఫాంటిస్ రకం క్రమంగా వెనకబడుతుంది. మొక్కల చక్కెరలు తినగల జాతులు ముందుకొస్తాయి. మూడేళ్లు వచ్చేసరికి పిల్లల పేగుల్లోని కూర్పు పెద్దవాళ్లదానికి చాలా దగ్గరవుతుంది.

పెద్దవాళ్ల పేగుల్లో పీచును తినేది ఎవరు?

చాలా జాతులున్నాయి. అందరికన్నా లోతుగా పరిశీలించింది మాత్రం బాక్టీరాయిడిస్ థెటాఅయోటామైక్రాన్‌ని. పేరు పలకడానికి కష్టం కాబట్టి శాస్త్రవేత్తలే బీ-థెటా అని కుదించుకున్నారు. 2003లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ బృందం దీని జన్యుపటాన్ని ప్రచురించింది. చక్కెర గొలుసులను కోసే ఎంజైములు దీనిలో 260కి పైగా ఉన్నాయి. తిండిలోని పిండిపదార్థాలను అరిగించడానికి మన సొంత జన్యువులు ఇచ్చే ఎంజైములు ఇరవై కూడా లేవు.

ఈ ఎంజైములన్నిటినీ అది ఎప్పుడూ తయారుచేస్తూ కూర్చోదు. జన్యువులు 88 గుంపులుగా ఉన్నాయి, ఒక్కో గుంపు ఒక్కో రకం గొలుసుకు. పేగులోకి ఏ గొలుసు వచ్చిందో కణం పసిగట్టి ఆ గుంపును మాత్రమే నడుపుతుంది. కణం పైపొరలో ఒక గొట్టంలాంటి ప్రోటీను, దానికి మూతగా ఇంకో ప్రోటీను ఉంటాయి. మూత తెరుచుకుని గొలుసు ముక్కను పట్టుకుంటుంది, మూసుకోగానే ముక్క గొట్టంలోకి జారుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం బృందం 2017లో ఈ మూత కదలికను చూపింది. అదే ఏడాది అక్కడివాళ్లే ఇంకో ఫలితం ప్రచురించారు. మొక్కల కణగోడల్లోని పెక్టిన్‌లో ఒక భాగం, ఇప్పటిదాకా తెలిసిన చక్కెర గొలుసుల్లోకెల్లా చిక్కైనది. అందులో 21 రకాల బంధాలున్నాయి. బీ-థెటా వాటిలో ఒక్కటి తప్ప అన్నిటినీ తెంపగలదు. మనం జామకాయ తిన్న ప్రతిసారీ పెక్టిన్ లోపలికి వెళ్తూనే ఉంటుంది.

జపాన్‌వాళ్ల పేగుల్లో సముద్రపు బ్యాక్టీరియా జన్యువులు ఉన్నాయని చదివాను. నిజమా?

నిజం. జపాన్‌లో నోరి అనే ఎర్ర సముద్రపు నాచును తరతరాలుగా తింటున్నారు. ఆ నాచులో పోర్ఫిరాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ సముద్ర పరిశోధన కేంద్రంవాళ్లు దాన్ని కోసే ఎంజైమును మొదట ఒక సముద్ర బ్యాక్టీరియాలో కనుగొన్నారు. అదే జన్యువు ఇంకెక్కడైనా ఉందా అని వెతికితే, జపానీయుల పేగుల్లో ఉండే బాక్టీరాయిడిస్ ప్లెబియస్‌లో కనిపించింది. పోల్చిచూసిన ఉత్తర అమెరికావాసుల పేగుల్లో కనిపించలేదు. ఈ ఫలితం 2010లో వెలువడింది. నాచుతోపాటు నోట్లోకి వెళ్లిన సముద్ర బ్యాక్టీరియా పేగుల్లో నిలవలేదు. దాని జన్యువు మాత్రం పేగు బ్యాక్టీరియాలోకి మారి నిలిచింది.

తరతరాల తిండి అలవాటు పేగు బ్యాక్టీరియా జన్యువుల్లోనే నమోదవుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

రోజూ అంత పదార్థం బయటికి పోతుంటే ఇవి ఎలా కొట్టుకుపోకుండా ఉంటాయి?

నిజానికి చాలా భాగం కొట్టుకుపోతూనే ఉంటుంది. మలంలో గణనీయమైన భాగం బ్యాక్టీరియానే. మిగిలినవి అదే వేగంతో పెరుగుతాయి కాబట్టి లెక్క సరిపోతుంది. దానికితోడు పట్టు కూడా కావాలి. ఆ పట్టు జిగురుపొర దగ్గర దొరుకుతుంది.

పెద్దపేగు లోపలి గోడను బెండకాయ జిగురులా సాగే పొర ఒకటి కప్పి ఉంటుంది. నిజానికి అవి రెండు పొరలు. గోడకు ఆనుకున్నది దట్టంగా ఉండి దాదాపు బ్యాక్టీరియా లేకుండా ఉంటుంది. దానిపైనున్నది వదులుగా ఉంటుంది, బ్యాక్టీరియా నివాసం అందులో. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2008లో ఈ రెండు పొరల నిర్మాణాన్ని చూపారు. లాక్టోబాసిల్లస్ రామ్‌నోసస్ జీజీ అనే ప్రసిద్ధ ప్రోబయాటిక్ రకానికి ఈ జిగురును పట్టుకునే సన్నని నూలుపోగుల్లాంటి భాగాలున్నాయి. బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అనే రకానికి ఇంకా లోతైన చోటు తెలుసు. గోడలో చిన్న చిన్న గుంటలుంటాయి, వాటిలోకి చేరడానికి దానికి ప్రత్యేకమైన జన్యువులున్నాయి. ఆ జన్యువులను తీసేసిన రకం ఎలుకల్లో పోటీకి నిలవలేకపోయింది. యాంటీబయాటిక్ వాడకం లాంటి గడ్డురోజుల్లో ఆ గుంటల్లో దాగినవే మళ్లీ పేగును నింపుతాయి.

జిగురుపొరను తినే బ్యాక్టీరియా కూడా ఉందట. అది ప్రమాదం కాదా?

అక్కర్మాన్సియా మ్యూసినిఫిలా గురించి అడుగుతున్నారు. 2004లో నెదర్లాండ్స్‌లోని వాగనింగెన్ విశ్వవిద్యాలయం దీన్ని లోకానికి పరిచయం చేసింది. జిగురులోని మ్యూసిన్ ఒక్కటి ఇస్తే చాలు, దానికి కావలసిన కార్బన్, నైట్రోజన్ రెండూ అందులోంచే తీసుకుంటుంది. మనం ఉపవాసమున్నా దానికి భోజనం ఆగదు. గోడ కణాలు నిరంతరం కొత్త జిగురును తయారుచేస్తూనే ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో ఇది ప్రమాదం కాదు. ఆరోగ్యవంతుల్లో ఇది మామూలుగానే కనిపిస్తుంది.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. మనం పీచు తినకపోతే బీ-థెటా లాంటివి కూడా జిగురు మీదకు మళ్లుతాయి. మిచిగన్, లక్సెంబర్గ్ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన ప్రయోగంలో, పీచు లేని ఆహారం పెట్టిన ఎలుకల్లో మనుషుల పేగు బ్యాక్టీరియా జిగురుపొరను పలచబరిచింది. ఆ తర్వాత రోగకారకాన్ని ఎక్కిస్తే అది సులువుగా గోడను చేరింది. తిండి పెట్టకపోతే గోడ తినే బ్యాక్టీరియాను చెడ్డదనడం న్యాయం కాదు. లోపం పళ్లెంలో ఉంది.

రోగనిరోధక కణాలు వీటిని ఎందుకు చంపవు?

వీటి ప్రవర్తన, పైపొర రెండూ అందుకు తగ్గట్టు ఉన్నాయి. బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ తన ఒంటిపై కప్పుకునే చక్కెర తొడుగు ఎనిమిది రకాలు. వాటిలో ఏడింటిని నడిపే డీఎన్‌ఏ ముక్కలు అటూ ఇటూ తిరగబడుతుంటాయి. ఒకవైపు తిరిగితే ఆ తొడుగు వస్తుంది, రెండోవైపు తిరిగితే ఆగిపోతుంది. ఒకే గుంపులో రకరకాల తొడుగుల కణాలు ఉంటాయి కాబట్టి ఒక తొడుగుపై దాడి జరిగినా మిగతావి బతుకుతాయి. ఆ తొడుగుల్లో ఒకటి, పాలీశాకరైడ్-ఏ, ఇంకో పని చేస్తుంది. వాపును అణచే రకం టీ-కణాలను (ఇవి ఒక తరహా రోగనిరోధక కణాలు) పెంచుతుంది.

బీ-థెటా ఉపాయం చిన్నది, అందమైనది. మన పేగు గోడ విడుదల చేసే సూక్ష్మజీవనాశక ప్రోటీన్లకు ధనావేశం ఉంటుంది, అవి బ్యాక్టీరియా పైపొరలోని రుణావేశానికి ఆకర్షితమవుతాయి. బీ-థెటా ఒక ఎంజైముతో తన పైపొర నుంచి ఒక ఫాస్ఫేటును తీసేస్తుంది. రుణావేశం తగ్గుతుంది, ఆ ప్రోటీన్ల పట్టు జారుతుంది. వాపు వచ్చినప్పుడు అవి కుమ్మరించినట్టు విడుదలైనా ఇది చావదు. ఆ ఎంజైమును తీసేసిన రకం మామూలు రోజుల్లో బాగానే ఉండి, వాపు రాగానే పేగులోంచి తుడిచిపెట్టుకుపోయింది.

ఆక్సిజన్ తగిలితే చచ్చే బ్యాక్టీరియా ఒంట్లో ఎలా బతుకుతుంది?

మన కణాలే దానికి ఆ వాతావరణాన్ని కల్పిస్తాయి. ఫేకలిబాక్టీరియం ప్రౌస్నిట్‌జై లాంటి బ్యాక్టీరియాలు పీచు నుంచి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం దాని నుంచే వస్తుంది. బ్యూటిరేట్‌ను మండించడానికి ఆ కణాలు ఆక్సిజన్‌ను వాడేస్తాయి, లోపలికి కారేది దాదాపు మిగలదు. అలా బ్యాక్టీరియాకు కావలసిన గాలిలేనితనం నిలుస్తుంది. యాంటీబయాటిక్ వల్ల బ్యూటిరేట్ చేసేవి తగ్గితే ఈ చక్రం తెగుతుంది. ఆక్సిజన్ లోపలికి కారడం మొదలై సాల్మొనెల్లా లాంటివి విజృంభిస్తాయి.

నా జీవితకాలంలోనే నా పేగుల్లోని బ్యాక్టీరియా మారుతుందా?

మారుతుంది. ఆరోగ్యవంతుల్లో బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్‌ను కొంతకాలం గమనించి అమెరికాలోని ఎంఐటీ బృందం 2019లో ప్రచురించిన పనిలో, ఒక్కొక్కరి పేగుల్లో అది విడిగా పరిణామం చెందుతున్నట్టు తేలింది. వేర్వేరు మనుషుల్లో మళ్లీ మళ్లీ మార్పు కనిపించిన జన్యువుల్లో కణం పైపొరకు, చక్కెర గొలుసులను లోపలికి తీసుకోవడానికి సంబంధించినవి ఉన్నాయి.

సుదీర్ఘ కాలంలో చూసినా ఇదే కథ. మనుషులు, చింపాంజీలు, బొనోబోలు, గొరిల్లాల పేగు బ్యాక్టీరియాను 2016లో పోల్చిచూశారు. కొన్ని కుటుంబాల వంశవృక్షం వాటి ఆతిథేయుల వంశవృక్షంతో సరిపోయింది. మన పూర్వికులు విడిపోయినప్పుడల్లా వాటి పూర్వికులూ విడిపోయాయి.

రోజూ పెరుగు తింటాం. ఆ బ్యాక్టీరియా పేగుల్లో స్థిరపడుతుందా?

ఎక్కువగా స్థిరపడదు. పెరుగు బ్యాక్టీరియా పాలకు అమరింది, పేగులకు కాదు. పెరుగు ఆయుష్షు పెంచుతుందని రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్ గత శతాబ్దం తొలి దశకంలో గట్టిగా నమ్మి ప్రచారం చేశాడు. ఆయన చెప్పిన బల్గేరికస్ అనే పెరుగు బ్యాక్టీరియా రకం మనిషి పేగుల్లో నిలవదని తర్వాత తేలింది. తినడం ఆపిన కొద్దిరోజుల్లో మలంలోంచి మాయమవుతుంది.

అంతమాత్రాన పెరుగు దండగ అనుకోకండి. పాలు పడనివాళ్లకు పెరుగు సులువుగా అరగడానికి కారణం అందులోని బ్యాక్టీరియానే. అది తెచ్చే ఎంజైము చిన్నపేగులో లాక్టోస్‌ను విడగొడుతుంది. కాల్షియం, మాంసకృత్తులు ఎలాగూ ఉన్నాయి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ రకాలుంటాయన్నది ఇంటింటికీ మారుతుంది కాబట్టి, ఫలానా జబ్బుకు మందని మాత్రం చెప్పలేం.

మరి ప్రోబయాటిక్ మాత్రలు?

వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లోనే 2018లో ఒక పని జరిగింది. 11 రకాలున్న ప్రోబయాటిక్‌ను ఆరోగ్యవంతులకు ఇచ్చి, మలాన్ని చూసి సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీతో పేగు గోడనే పరీక్షించారు. కొందరిలో ఆ బ్యాక్టీరియా గోడమీద నిలిచింది. మరికొందరిలో ముందునుంచి ఉన్నవి దానికి చోటివ్వలేదు. అదే బృందం యాంటీబయాటిక్ వాడినవారిలో చూస్తే, ప్రోబయాటిక్ తీసుకున్నవారి సొంత బ్యాక్టీరియా కోలుకోవడం ఆలస్యమైంది. ఏమీ తీసుకోనివాళ్లే ముందు కోలుకున్నారు. యాంటీబయాటిక్‌తోపాటు మామూలుగా ప్రోబయాటిక్ రాసేసే అలవాటును దీని దృష్ట్యా మళ్లీ ఆలోచించాలని నా అభిప్రాయం. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలను కొన్ని రకాలు తగ్గిస్తాయన్నదానికి ఆధారాలున్నాయి, కాబట్టి మీ వైద్యుడు కారణం చెప్పి రాస్తే వాడండి.

సరైన రకం, సరైన వయసు కుదిరితే ఫలితం ఎంత గొప్పగా ఉంటుందో మన పొరుగు రాష్ట్రంలోనే చూశాం. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. కొందరికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకం ఒకటి, దానికి ఆహారంగా ఫ్రక్టోజు గొలుసు చక్కెరతో కలిపి, వారం రోజులు ఇచ్చారు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా పాకడం) లేదా మరణం అనే ఫలితం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. ఆ రకాన్ని ఎంచుకున్నదే శిశువు పేగుల్లో నిలవగల శక్తిని చూసి. పైగా అది చేరింది అప్పటికింకా సొంతదారులు లేని పేగుల్లోకి.

అందరికీ సురక్షితమేనా?

ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి మాత్రం బతికున్న బ్యాక్టీరియా నెత్తురులోకి చేరే ప్రమాదం ఉంది. నెలలు నిండని శిశువుల విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరిక జారీచేసింది. ఒడిశా పరీక్షలో తీసుకున్నది రెండు కిలోల బరువున్న, 35 వారాలు నిండిన శిశువులనే అన్నది మరచిపోకండి.

మరి ఏం తినాలి?

మన పేగుల్లో ఇప్పటికే ఉన్నవాటికి తిండి పెట్టాలి. కందిపప్పు, శనగలు, అలసందలు, చిక్కుళ్లు, జొన్న, రాగి, ఆకుకూరలు, తొక్కతో తినగల పండ్లు. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిలో కొంత భాగం మన ఎంజైములకు అరగని రూపానికి మారి పెద్దపేగు దాకా వెళ్తుంది. చద్దన్నానికి ఆ గుణం ఉంది. అరటికాయలోనూ అలాంటి పిండి దండిగా ఉంటుంది. రాత్రి మిగిలిన అన్నాన్ని వేడివేడిగా వదిలేయకుండా త్వరగా చల్లార్చి, నీళ్లు పోసో ఫ్రిజ్‌లో పెట్టో ఉంచండి. ఎక్కువసేపు గోరువెచ్చగా ఉన్న అన్నంలో వాంతులు తెప్పించే బ్యాక్టీరియా పెరుగుతుంది. పీచు అలవాటులేనివాళ్లు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్తే కడుపుబ్బరం బాధించదు.

తిండితోనే బ్యాక్టీరియాను మార్చి పిల్లలను కోలుకునేలా చేయడం బంగ్లాదేశ్‌లో పరీక్షించి చూశారు. ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన సంస్థ, జెఫ్రీ గోర్డన్ బృందం కలిసి శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, అరటికాయలతో ఒక ఆహారం తయారుచేశాయి. పోషకాహారలోపం ఉన్న పిల్లల్లో అది, అంతకన్నా ఎక్కువ కేలరీలున్న మామూలు పోషకాహారం కంటే బరువు పెరుగుదలలో మెరుగైన ఫలితం ఇచ్చిందని 2021లో ప్రకటించారు. అందులోని ప్రతి దినుసూ మన కిరాణా కొట్టులో, కూరగాయల బండి మీద దొరికేదే.

మల పరీక్ష చేయించుకుంటే నా పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఎంతుందో తెలుస్తుందా?

ఏ జాతులు ఎంత శాతం ఉన్నాయో కొంతవరకు తెలుస్తుంది. అందులో ఎంత ఉంటే మామూలు, ఎంత ఉంటే తక్కువ అన్నదానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. జాతి పేరు ఒక్కటే చాలదు కూడా. నివేదికలో "బిఫిడోబ్యాక్టీరియం లాంగమ్" అని ఉంటే అది చనుబాల చక్కెరలను తినే ఇన్‌ఫాంటిస్ రకమా, మొక్కల చక్కెరలను తినే ఇంకో రకమా చాలా పరీక్షలు చెప్పవు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దీనికి వేలకు వేలు పోయవలసిన అవసరం నాకు కనిపించదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వారాల తరబడి విరేచనాలు ఉంటే ఈ పరీక్షల కోసం చూడకుండా నేరుగా జీర్ణకోశ వైద్యుణ్ణి కలవండి.